ఎదుటి బల్ల మనిషి

గత వేసవిలో మా అమ్మాయి హైదరాబాదు నుండి పది రోజుల సెలవు మీద ఇంటికి వచ్చింది. ఆమె సంచి సర్దుతుండగా వార్తాపత్రిక కాగితంతో అట్ట వేసిన ఇంగ్లీషు నవల ఒకటి మా కంటబడింది. అట్ట వేసిన పుస్తకమంటే తల్లిదండ్రులకు ఒక విధమైన అనుమానం. బడి పుస్తకానికి అట్ట వేస్తే శ్రద్ధ అంటాము, నవలకు అట్ట వేస్తే దాపరికం అంటాము. అడగాలా వద్దా అని మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే ఆమే నవ్వి, "బస్సులో పక్కవాళ్లు అట్ట మీద బొమ్మ చూసి నన్ను చూస్తున్నారని వేశాను. కావాలంటే మీరూ చదవండి" అని పుస్తకం మా చేతిలో పెట్టి స్నానానికి వెళ్లిపోయింది.

ఆ నవల పేరు ‘ద హేటింగ్ గేమ్’. ద్వేషించుకునే ఆట అని తెలుగులో చెప్పుకోవచ్చు. వ్రాసినవారు శాలీ థోర్న్ అనే ఆస్ట్రేలియా రచయిత్రి. 2016లో వెలువడిన ఈ పుస్తకం ఆమెకు మొదటి నవల. 2021లో సినిమాగా కూడా తీశారు. పేరు చదివి మాలో ఒకరు ముఖం చిట్లించారు. శత్రువులను ప్రేమించడాన్ని గూర్చి మనకు చిన్నప్పటి నుండి తెలిసిన బోధ ఒకటున్నది గదా, ఇది దానికి చాలా దూరంగా ఉన్నదే అన్నారు. దూరమే. అయినా ఆ రాత్రి భోజనాలయ్యాక ఊరికే నాలుగు పేజీలు చూద్దామని కూర్చున్నవాళ్లం పన్నెండు గంటలకు గాని లేవలేదు.

మాలో ఒకరు హైస్కూలులో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. కనుక చదవడం వారి వంతు. రెండవవారు ముప్పై ఏళ్లు ఒక ఆఫీసులో ఫైళ్ల మధ్య బ్రతికినవారు. కనుక వ్యాఖ్యానం వారి వంతు. ఈ పుస్తకానికి రెండూ అవసరమేనని త్వరలోనే తెలిసింది. ఎందుకంటే ఇది ప్రేమకథ కంటే ముందు ఆఫీసు కథ.

నష్టాల్లో పడిన రెండు ప్రచురణ సంస్థలు గత్యంతరం లేక ఒకటయ్యాయి. ఒకదానిలో పుస్తకాల మీద ప్రేమ ఎక్కువ, లెక్కలు తక్కువ. మరొకదానిలో లెక్కలే తప్ప ప్రేమ లేదు. కలిసిన సంస్థకు ఇద్దరు అధిపతులు. వారికి ఇద్దరు సహాయకులు, ఈ పక్షం నుండి లూసీ హట్టన్, ఆ పక్షం నుండి జాషువా టెంపుల్‌మన్. (జాషువా అనగానే మాకు గుఱ్ఱం జాషువా గారు గుర్తుకు వచ్చి, ఈ పొడుగాటి తెల్లదొరను ఆ పేరుతో పిలవడానికి రెండు రోజులు పట్టింది.) ఇద్దరి బల్లలూ ఎదురుబొదురుగా వేశారు. గది గోడలు, నేల, పైకప్పు అన్నీ అద్దంలా మెరిసేవే. ఎటు చూసినా ఎదుటివాడే కనబడతాడు. తప్పించుకునే దారి లేదు.

లూసీ స్ట్రాబెర్రీ తోటలు పెంచే ఇంటి నుండి వచ్చిన పిల్ల. పొట్టిది, అందరితో మంచిగా ఉండాలని తాపత్రయపడేది, ఎవరేమడిగినా కాదనలేక అందరి పనీ నెత్తిన వేసుకునేది. జాషువా ముక్కుసూటి మనిషి, నవ్వడు, గడువు దాటితే ఒక్క గంట కూడా ఒప్పుకోడు. ఆఫీసంతా అతడంటే హడలు. చేరిన రోజున లూసీ తనకున్న నవ్వులన్నిటిలో మంచి నవ్వు నవ్వి పలకరిస్తే అతడు తిరిగి నవ్వలేదు. శత్రుత్వమంతా అక్కడే మొదలు. వినడానికి చిన్న సంగతి. అయితే మీరెప్పుడైనా కొత్త చోట చేరిన మొదటి రోజున ఎవరినైనా చూసి నవ్వి, ఆ నవ్వు గాలిలో కలిసిపోతే ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి.

ఆ తరువాత వారిద్దరూ ఆటలు కనిపెడతారు. రెప్ప వేయకుండా ఒకరినొకరు చూసుకునే ఆట ఒకటి. ఎదుటివారు ఏ భంగిమలో కూర్చుంటే అదే భంగిమలో కూర్చుని ఉడికించే ఆట ఒకటి. ఒకరి మీద ఒకరు పై విభాగానికి ఫిర్యాదులు పెట్టుకోవడం మరొకటి. లూసీ తన కంప్యూటరు పాస్‌వర్డు కూడా జాషువా మీది ద్వేషాన్ని తెలిపేలా పెట్టుకున్నది! ఇక్కడ మా వ్యాఖ్యాత గారు ఆగలేక పుస్తకం మూయించి తమ ఆఫీసు సంగతి ఎత్తుకున్నారు. వారి సెక్షనులో ఇద్దరు గుమాస్తాలు ఫ్యాను స్విచ్చి విషయంలో తగాదాపడి పదకొండు సంవత్సరాలు మాట్లాడుకోలేదట. ఒకరికి చల్లగాలి పడదు, మరొకరికి గాలి లేకపోతే ఊపిరాడదు. ఫైలు ఇవ్వవలసి వస్తే అటెండరు చేత మూడడుగుల దూరం పంపించేవారు. ఒకాయన రిటైరైన నాడు రెండవాయన ఏడ్చాడు. సన్మాన సభలో కాదు, తరువాత, ఖాళీ కుర్చీ ఎదుట. "ఇరవై నాలుగు గంటలూ నీ మనసులో ఉండేవాడు స్నేహితుడైతేనేమి, శత్రువైతేనేమి" అన్నారు మా వ్యాఖ్యాత. నవలలో లూసీ కూడా ఇంచుమించు ఇదే సందేహంలో పడుతుంది. ప్రేమించడం, ద్వేషించడం ఈ రెండింటికీ లక్షణాలు ఇంత దగ్గరగా ఎందుకున్నాయని. చూడగానే గుండె దడ, రాత్రి నిద్ర లేకపోవడం, అతడు లేని రోజు ఆఫీసు బోసిపోవడం.

ఈ నవలలోని సుఖమంతా ఒక చిన్న ఏర్పాటులో ఉన్నదని మాకు మూడవ రాత్రికి అర్థమైంది. కథ మొత్తం లూసీ నోటనే నడుస్తుంది. జాషువా మనసు లోపలికి మనల్ని ఒక్కసారి కూడా తీసుకువెళ్లరు. లూసీ చూసినదే మనమూ చూస్తాము, కాని లూసీకి అర్థం కానిది మనకు అర్థమవుతుంది. ఉదాహరణకు, జాషువాకు పది చొక్కాలు. తెలుపుతో మొదలై, లేత రంగుల మీదుగా ముదురు నీలం, నలుపు దాకా ఒక క్రమంలో రెండు వారాలు వేసుకుంటాడు, మళ్లీ మొదటికి వస్తాడు. ఆ క్రమమంతా లూసీకి కంఠతా వచ్చు. ఈ రోజు ఏ రంగో, రేపు ఏ రంగో చెప్పగలదు. శత్రువు చొక్కా రంగులు వరుసతప్పకుండా ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఆ ప్రశ్న లూసీ వేసుకోదు, చదివేవాళ్లం వేసుకుంటాము. అక్కడి నుండి ఇక పుస్తకం మనదే. ఆ అమ్మాయిని భుజం పట్టి కుదిపి చెప్పాలనిపిస్తుంది. చెబితే ఆట చెడిపోతుంది గనుక చెప్పకుండా నవ్వుకుంటూ పేజీ తిప్పుతాము.

అలాగే జాషువా డైరీ. అతడు రోజూ దానిలో పెన్సిలుతో ఏవో చిన్న గుర్తులు పెట్టుకుంటుంటాడు. తన తప్పులు లెక్కపెట్టి పైవారికి చూపించడానికేనని లూసీ అనుమానం. ఒకనాడు దొంగతనంగా చూస్తుంది. ఆ రోజు ఆమె లంగా వేసుకున్నదా, గౌను వేసుకున్నదా, ఎన్నిసార్లు పోట్లాట జరిగింది, అన్నీ అక్షరాలుగా, గీతలుగా ఉంటాయి. అది ఫిర్యాదుల పట్టిక కాదని ఆమెకు తెలియడానికి చాలా పేజీలు పడుతుంది. చివరికి వెళ్లి మళ్లీ మొదటి అధ్యాయం తీస్తే ప్రతి కోపపు చూపూ వేరే విధంగా కనిపిస్తుంది. మేము నిజంగానే మళ్లీ తీశాము. రెండవసారి చదవడమే ఎక్కువ బాగున్నది.

ఇది శాలీ థోర్న్ కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదని చదువుకున్న పాఠకులకు చెప్పనక్కరలేదు. షేక్‌స్పియర్ ‘మచ్ అడో అబౌట్ నథింగ్’ నాటకంలో బియాట్రిస్, బెనెడిక్ ఎదురుపడితే మాటల యుద్ధమే. ఆ నాటకం 1600లో అచ్చయింది. 1813 జనవరిలో వచ్చిన జేన్ ఆస్టెన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అయితే ఈ తరహా కథలన్నిటికీ పెద్దమ్మ వంటిది. జేన్ ఆస్టెన్ తండ్రి పాదిరి. అందుకేనేమో, ఎలిజబెత్‌ను డార్సీ మొదటిసారి అడగడం, ఆమె అతని ముఖం మీదే కాదనడం ఒక పాదిరి గారింట్లోనే జరుగుతుంది. మరునాడు అతడొక ఉత్తరం తెచ్చి ఇస్తాడు. ఆమె ఆ ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదువుతుంది. చదివిన కొద్దీ అతని మీద కోపం తగ్గి తన మీద తనకు సిగ్గు పెరుగుతుంది. ఒక మనిషి మనసు మారడాన్ని ఇంత నెమ్మదిగా, ఇంత నమ్మకంగా చూపిన చోటు మరొకటి మేము చదవలేదు. ఇంగ్లీషు టీచరు గారు ఈ భాగం వచ్చినప్పుడు తరగతిలో బోర్డు వైపు తిరిగి నిలబడేవారట. ఎందుకో మీరే ఊహించండి.

మనకూ లేకపోలేదు. 1955లో వచ్చిన ఎల్.వి. ప్రసాద్ గారి ‘మిస్సమ్మ’ తలుచుకోండి. భార్యాభర్తలకే ఉద్యోగమిస్తామన్న బడిలో చేరడం కోసం మేరీ, ఎం.టి. రావు దంపతులమని అబద్ధమాడి ఒకే ఇంట్లో కాపురముండి, తలుపు వేయగానే కయ్యానికి దిగుతారు. సావిత్రి గారి మూతి విరుపు, రామారావు గారి తెల్లమొహం! క్రైస్తవ పిల్ల నాయికగా ఉన్న సినిమా అని మా పెద్దవాళ్లు మందిరంలో చెప్పుకుని మరీ చూసి వచ్చారట. చివర మేరీ మహాలక్ష్మిగా తేలడం కొందరికి రుచించలేదు, అది వేరే కథ. ఆ తరువాత యద్దనపూడి సులోచనారాణి గారు. ఊరి బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపులో ఆమె ‘సెక్రటరీ’ ప్రతి ఎప్పుడూ ఎవరింట్లోనో ఉండేది గాని షాపులో ఉండేది కాదు. జయంతి పట్టుదల, రాజశేఖరం దర్పం, ఒకరిని ఒకరు అపార్థం చేసుకోవడం. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగా కూడా వచ్చింది. మా ఇద్దరిలో ఒకరు ఆ పుస్తకాన్ని లెక్కల నోటుపుస్తకం మధ్య పెట్టుకుని చదివి దెబ్బలు తిన్నారు. అట్ట వేసిన పుస్తకం చూసి మా అమ్మాయిని అనుమానించడానికి మాకు ఎంత అర్హత ఉన్నదో చూడండి.

అయితే ‘సెక్రటరీ’కీ ఈ నవలకూ ఒక పెద్ద తేడా ఉన్నది. ఆ తేడాను మాకు చూపినది మా అమ్మాయే. ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పవలసి ఉన్నది. వ్రాయవచ్చా అని ఆమెను అడిగి, సరేనన్నాకే వ్రాస్తున్నాము.

నాలుగవ రాత్రి మేము నవ్వుతూ చదువుతుంటే ఆమె గుమ్మంలో నిలబడి వింటున్నది. మాలో ఒకరు చనువుగా, "మీ ఆఫీసులో కూడా నిన్ను ఎప్పుడూ ఏదో ఒకటి అంటుంటాడని చెప్పావే, ఆయన కూడా ఇలాంటివాడేనేమో" అన్నాము. ఆమె ముఖం మారిపోయింది. ఆ మనిషి ఆమె పై అధికారి. ఆమె బట్టల మీద, నడక మీద నలుగురిలో వ్యాఖ్యానాలు చేసేవాడు. అందరూ వెళ్లిపోయాక పని పేరుతో కూర్చోబెట్టేవాడు. ఫోనులో ఆమె ఈ సంగతి మాతో రెండుసార్లు ఎత్తినప్పుడు మేమిద్దరమూ ఏమన్నామో మాకు జ్ఞాపకమున్నది. "కొత్త ఉద్యోగం, కాస్త సర్దుకుపో, పట్టించుకోకు" అన్నాము. ఆ పది రోజుల సెలవు విశ్రాంతి కోసం కాదని, ఉద్యోగం మానేయాలా వద్దా అని తేల్చుకోవడానికని ఆ రాత్రి గాని మాకు తెలియలేదు.

"మీరు చదువుతున్నారు గదా, చూడండి" అన్నది. "జాషువా బల్ల, లూసీ బల్ల ఒకే ఎత్తు. అతడు ఒకటంటే ఆమె రెండంటుంది. ఆమెకు భయం లేదు. ఆమె జీతం అతని చేతిలో లేదు. అందుకే అది ఆట. మా ఆఫీసులో ఆయన అంటాడు, నేను వింటాను. అది ఆట ఎలా అవుతుంది నాన్నా?"

మేము పుస్తకం మూసేశాము.

తరువాత వెనక్కి వెళ్లి చూస్తే నవలలో ఈ సంగతి ఎంత జాగ్రత్తగా అల్లారో కనిపించింది. ఇద్దరిదీ ఒకే హోదా. కథలో ఒక కొత్త పై పదవి ప్రకటిస్తారు, ఇద్దరిలో ఎవరికి వస్తే వారు రెండవవారికి అధికారి అవుతారు. వెంటనే ఆటలో నవ్వు తగ్గుతుంది. ఓడినవారు రాజీనామా చేయాలని పందెం వేసుకుంటారు. జాషువా తన మనసు తెలుసుకున్నాక చేసే పని ఏమిటంటే, వేరొక సంస్థలో ఉద్యోగం చూసుకుని ఆ పోటీ నుండి తప్పుకోవడం. (చివర చెప్పేశామని కోపగించుకోకండి. ఈ రకం కథలో చివర ఏమవుతుందో అట్ట చూసిన బస్సు ప్రయాణికులకు కూడా తెలుసు.) ప్రేమించిన మనిషి మీద అధికారం ఉండకూడదని తెలిసిన నాయకుడు అతడు. మన సినిమాలలో నాయిక వెంట వీధులన్నీ తిరిగి, సైకిలుకు అడ్డంపడి, పాటలు పాడి ఏడిపిస్తే చివరికి ఆమె మెత్తబడే కథలు లెక్కలేనన్ని చూశాము. వాటిని కూడా శత్రువులు ప్రేమికులైన కథలనే అంటారు. అక్కడ శత్రుత్వం ఒకవైపే, తప్పించుకోలేని స్థితి మరొకవైపే. యౌవనంలో ఉన్న మగపిల్లలు అది చూసి ఏమి నేర్చుకున్నారో ఆడపిల్లలున్న ఇళ్లలో అందరికీ తెలుసు.

అమ్మాయి విషయం ఏమైందంటారా? 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆధారంగా 2013లో పనిచేసే చోట స్త్రీల రక్షణకు చట్టం వచ్చింది. పదిమంది గాని అంతకు మించి గాని పనిచేసే ప్రతి ఆఫీసులోనూ అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు అక్కడి సీనియరు ఉద్యోగిని అయి ఉండాలి, సభ్యులలో సగానికి తక్కువ కాకుండా స్త్రీలు ఉండాలి, బయటి నుండి ఒకరు ఉండాలి. జరిగిన మూడు నెలలలోగా వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు గడువు ఇవ్వవచ్చు. తొంభై రోజులలో విచారణ ముగించాలి. ఇవన్నీ మా అమ్మాయికి ముందే తెలుసు, తెలియనిది మాకే. ఆమెకు కావలసినది చట్టం కాదు, "ఇవ్వమ్మా, మేమున్నాము" అనే మాట. సెలవు అయిపోగానే మేము కూడా ఆమెతో హైదరాబాదు వెళ్లి పదిహేను రోజులున్నాము. విచారణ జరిగింది, ఆయనను వేరే విభాగానికి మార్చారు. మేము ఆశించినది అంతకంటే ఎక్కువ. ఆమె మాత్రం, "నాకిప్పుడు సాయంత్రం ఆరింటికి ఇంటికి రావడానికి కుదురుతున్నది, చాలు" అన్నది.

ఆ గదిలో ఉండగానే మిగిలిన సగం నవల ముగించాము. దానిలో లోపాలు లేవని అనము. లూసీ తన సంస్థకున్న రెండవ అధిపతిని అతని లావును బట్టి ఎగతాళి చేసే చోట్లు మాకు నచ్చలేదు. మంచిపిల్ల అని చెప్పి ఆ మాటలు అనిపించడమేమిటి? ఆమె పొట్టిదనాన్ని, అతని ఎత్తును రచయిత్రి మాటిమాటికీ గుర్తుచేస్తుంది, ఒకసారి చెబితే మాకు సరిపోయేది. చివరి భాగంలో పడకగది ఘట్టాలు ఉన్నాయి, అవి బిగ్గరగా చదవలేదు. పెళ్లయిన వయసువారు చదువుకోవలసిన పుస్తకమే గాని హైస్కూలు పిల్లల చేతికి ఇవ్వదగినది కాదు. ఈ మాట దాచిపెట్టి పుస్తకాన్ని మెచ్చుకోవడం మీకు అన్యాయం చేసినట్లవుతుంది.

లిఫ్టు ఘట్టం మీద మాకు వాదన జరిగింది. ఒక సాయంత్రం జాషువా లిఫ్టును మధ్యలో ఆపి ఆమెను ముద్దు పెట్టుకుంటాడు. అక్కడి నుండే కథ మలుపు తిరుగుతుంది, పాఠకులందరూ ఎంతో మెచ్చుకునే చోటు కూడా అదే. మాలో ఒకరు, ఆమెకు ఇష్టమేనని అంతకుముందు నూరు గుర్తులున్నాయి గదా అంటారు. మరొకరు, ఆ గుర్తులు పాఠకులకు ఉన్నాయి, లిఫ్టులో ఉన్న మనిషికి ఎక్కడున్నాయి, తలుపు తెరిచి ఉండగా అడగవచ్చు గదా అంటారు. మా అమ్మాయి ఎటూ తేల్చకుండా టీ పెట్టుకోవడానికి లేచిపోయింది.

మాకు అన్నిటికంటే నచ్చినది ముద్దు కాదు, జ్వరం. ఆఫీసువాళ్లందరినీ ఒకరోజు రంగు గుళ్లతో కాల్చుకునే ఆటకు తీసుకువెళతారు. జాషువా లూసీకి అడ్డుగా నిలబడి ఆమెకు తగలవలసిన దెబ్బలు తాను తింటాడు. ఆమె అక్కడే జబ్బుపడుతుంది. అతడు ఇంటికి తీసుకువెళ్లి, రాత్రంతా మేలుకుని, వాంతులు ఎత్తి, డాక్టరైన తన అన్నను పిలిపిస్తాడు. జ్వరంలో ఉన్న మనిషికి ఎవరైనా చేసేదే, పెద్ద విశేషం లేదు. కాని ఇన్నాళ్లు నవ్వని మనిషి చేస్తుంటే విశేషమవుతుంది. తరువాత అన్నగారి పెళ్లికి ఇద్దరూ వెళతారు. అక్కడ జాషువా తండ్రి, తనలాగ డాక్టరు కాలేదని కొడుకును చిన్నచూపు చూస్తుంటే, లూసీ లేచి ఆ పెద్దమనిషికి కొడుకు విలువ ఏమిటో ముఖాముఖి చెబుతుంది. ఇన్నాళ్లుగా అతని లోపాలు వెతికిన పిల్లకు అతని మంచి ఎంత బాగా తెలుసో అప్పుడు బయటపడుతుంది. శత్రువు కంటే మనల్ని శ్రద్ధగా చూసేవాడు ఎవడని మా వ్యాఖ్యాత గారన్నారు.

జాషువా పడకగది గోడకు వేసిన రంగు లూసీ కళ్ల రంగేనని తేలే చోట మాలో ఒకరు లేచి మంచినీళ్లకు వెళ్లారు. ఎంతకీ తిరిగి రాలేదు. వచ్చి కూర్చుని అన్నమాట వ్రాసి ఈ కబురు ముగిస్తాము.

మా పెళ్లిచూపులనాడు మాలో ఒకరు కాఫీ తెచ్చి ఇస్తూ నవ్వితే మరొకరు నవ్వలేదు, నేల చూశారు. పెద్దలు కుదిర్చారు, పెళ్లయింది. నవ్వని ఆ ముఖం మాత్రం మొదటి రెండేళ్లు మా ఇంట్లో మూడవ మనిషిలా తిరిగింది. పొగరని ఒకరు, అలక మానని స్వభావమని మరొకరు. మాట్లాడుకోని రోజులు వంటింటి గోడకున్న పాల లెక్కల క్యాలెండరు మీద చిన్న చుక్కలుగా పడేవి. పిల్ల పుట్టాక చుక్కలు తగ్గాయి, నవ్వని సంగతి మరుగున పడింది. దాన్ని గూర్చి అడగడం ఒకరికి చిన్నతనమనిపించింది, చెప్పడం మరొకరికి అవసరమనిపించలేదు.

ఇన్నాళ్లకు, మంచినీళ్ల గ్లాసు చేతిలో పెట్టుకుని చెప్పారు. "ఆ రోజు మావాళ్లు జీపు నిండా పదిహేనుమందిమి దిగాము. మీ నాన్నగారికి ఆ సంవత్సరం పంట పోయిందని దారిలోనే తెలిసింది. మీ ఇంట్లో కాఫీ గ్లాసులు చాలక పక్కింటి నుండి తెస్తుంటే చూశాను. నువ్వు నవ్వేసరికి సిగ్గుతో తల ఎత్తలేకపోయాను."

రెండవవారు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, ఆ గ్లాసులు పక్కింటివి కావని, తమవేనని, కడగడానికి ఇచ్చినవి అప్పుడే తెచ్చారని అన్నారు. అమ్మాయి పడీపడీ నవ్వింది. చుక్కల సంగతి తనకు అప్పుడే తెలుసునని మొదటివారు చెప్పగా రెండవవారికి మళ్లీ కోపం వచ్చింది. పుస్తకం అమ్మాయి స్నేహితురాలిది, మరునాడు తిరిగి ఇచ్చేశారు, కాగితపు అట్ట అలాగే ఉంచి.

లిఫ్టు విషయంలో మాత్రం మేమింకా రాజీపడలేదు.